రాజావారి శొంఠి పొట్లం

చిక్కడపల్లి,
ఆగస్టు 4

మల్లెలదుర్గం సంస్థానం ట్రస్టు కార్యదర్శి రామచంద్రరావు గారికి,

చిక్కడపల్లి శొంఠి దుకాణం కిష్టమ్మ, గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే దండం పెట్టి రాయించునది.

మాది మూలికల దుకాణం. శొంఠి, మిరియాలు, అతిమధురం, కరక్కాయ కలిపి దంచి, గొంతుకు పొట్లాలు కడతాం. మా అత్త నర్సింహమ్మ పాలమూరు నుంచి వచ్చి, నాలుగేళ్ళు ఇటుకలు మోసి, ఆ తర్వాత ఈ దుకాణం పెట్టింది. ఆమె రాయించిన బోర్డు ఇప్పటికీ ఉంది: 'మల్లెలదుర్గం రాజావారు మెచ్చిన శొంఠి పొట్లం.' రాజావారు శనివారం శనివారం సాయంత్రం స్వయంగా వచ్చి తీసుకునేవారని అత్త చెప్పేది.

ఇప్పుడు ఒక అవసరం పడింది. మా బిల్డింగు ఓనరు ఫణికిరణ్ గారు పైన హోటల్ కడుతున్నారు. దానికి లిఫ్ట్ కావాలట. లిఫ్ట్ సరిగ్గా నేను కూర్చున్న చోటు నుంచే పైకి పోతుందట. నిజంగా రాజుగారి దుకాణమైతే కాయితం తెమ్మన్నారు. హోటల్‌కు వచ్చేవాళ్ళకు చూపించుకోవచ్చు కాబట్టి లిఫ్ట్‌ను వెనక్కి జరుపుతారట. లేకపోతే దసరాకు ఖాళీ చెయ్యాలి.

కనుక ఒక కాయితం ఇప్పించగలరు.

మీ ఎదురుచూపులో,
కిష్టమ్మ

తా.క.: ఉత్తరం రాసినది నేను, రచన. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాను. తప్పులుంటే నావి. బెదిరింపులుంటే కిష్టమ్మ గారివి, వాటిని తీసేశాను.

---

బషీర్‌బాగ్,
ఆగస్టు 11

శ్రీమతి కిష్టమ్మ గారికి,

ట్రస్టు తరఫున, నిబంధనలకు లోబడి, నమస్కారం.

మీ ఉత్తరం రెండు కిలోమీటర్ల దూరాన్ని అయిదు రోజుల్లో దాటి మాకు చేరింది.

'రాజావారి సరఫరాదారు' అన్న గౌరవం పొందిన దుకాణాలు పదకొండు. గొడుగులు, జరీ తలపాగాలు, జీనులు, పన్నీరు వగైరా. పుస్తకం మొత్తం తిరగేశాను. శొంఠి లేదు. ఉండే అవకాశమూ లేదు. రాజావారి కొలువులో ముగ్గురు వైద్యులు ఉండేవారు. కాబట్టి వారికి దగ్గు వచ్చే ప్రసక్తి లేదు. పైగా రాజావారు దుకాణానికి వెళ్ళేవారు కారు. దుకాణమే నారాయణగూడలోని వారి బంగళాకు వచ్చి నిలబడేది.

సరైన ఆధారం పంపండి. లేనిపక్షంలో పదిహేను రోజుల్లో ఆ బోర్డు దింపండి.

ఇట్లు, సంస్థానం సేవలో,
రామచంద్రరావు

తా.క.: అన్నీ తపాలా ద్వారానే జరపవలెను. ఆఫీసుకు రావద్దు. ఇక్కడ కుర్చీ ఒకటే ఉంది. అందులో నేను ఉంటాను.

---

చిక్కడపల్లి,
ఆగస్టు 16

కుర్చీలో ఉన్న రామచంద్రరావు గారికి,

దుకాణంలో స్టూలు మీద ఉన్న కిష్టమ్మ దండాలు.

ఆధారం అడిగారు. మా గోడ మీది ఫోటో దింపి పంపుతున్నాను. యాభై ఏడేళ్ళ కిందటిది. మా అత్త రెండు చేతులతో పొట్లం అందిస్తోంది. ఎదురుగా రాజావారు. నెత్తిన కిరీటం, మెడలో హారాలు, పెద్ద మీసం. వెనక ఈటె పట్టుకుని ఒక భటుడు. మీరే చూడండి. రాజు కాకపోతే వెంట భటుడు ఎందుకుంటాడు?

మా అత్తకు ఉన్నది ఈ ఒక్క ఫోటోయే. వంచకుండా చూసుకోండి.

మీ ఉత్తరంలో మూడు చోట్ల సిరా చెదిరింది. అది దగ్గేనని నాకు అర్థమైంది. ఒక పొట్లం పెట్టాను. నీళ్ళలో కలపవద్దు. చిటికెడు నాలుక కింద పెట్టుకుని, మాట్లాడకుండా కూర్చోండి.

మీ గొంతు మేలు కోరే,
కిష్టమ్మ

తా.క.: వైద్యుల సంగతి చదివి వినిపించినప్పుడు కిష్టమ్మ గారు అన్న మాట ఉత్తరంలో పెట్టలేదు. ఇక్కడ పెడుతున్నాను. "ముగ్గురు వైద్యులుంటే దగ్గు ఎట్ల పోతది బిడ్డా? పోతే ముగ్గురూ ఏడికి పోవాలె?" – రచన

---

బషీర్‌బాగ్,
ఆగస్టు 25

శ్రీమతి కిష్టమ్మ గారికి,

విచారంతోనూ, నిబంధనలతోనూ, నమస్కారం.

ఫోటోను భూతద్దం కింద పెట్టి రెండు రోజులు పరిశీలించాను. మల్లెలదుర్గం రాజులు తలపాగా తప్ప కిరీటం ధరించి ఎరుగరు. ఇందులోని కిరీటం అట్టతో చేసినది. ఒక మూల బంగారు కాగితం లేచి ఉంది. హారాలు పూసలవి. మీసం ఎడమ సగం ఊడి, పెదవి మీదికి జారింది. ఇక మీరు సాక్ష్యంగా చూపిన భటుడి చేతికి గడియారం ఉంది. పలక డయలు, తోలు పట్టీ. ఏ రాజు కొలువులోనూ భటుడు టైము చూసుకుంటూ ఈటె పట్టుకోడు.

ఇది నాటకం వేషం. మీ వీధి పక్కన నాటకాల హాలు ఉన్న సంగతి మీకు తెలియనిది కాదు. వేషగాడిని చూపి సంస్థానం పేరు వాడుకోవడం క్షమించరానిది. నిబంధన తొమ్మిది ప్రకారం ఈ ఉత్తరం నకలు మీ ఓనరు గారికి కూడా పంపడమైనది.

ఇట్లు, కఠినంగా,
రామచంద్రరావు

తా.క.: మీ పొట్లం లంచం కిందికి వస్తుంది గనుక తిరిగి పంపవలసి ఉంది. సగం అయిపోయినందువల్ల పంపలేకపోతున్నాను. మిగిలిన సగం విచారణలో ఉంది.

---

చిక్కడపల్లి,
సెప్టెంబరు 6

రామచంద్రరావు గారికి,

కిష్టమ్మ ఈసారి లేచి నిలబడి దండం పెట్టి రాయించునది.

మీ నకలు అందిన రోజే ఫణికిరణ్ గారు కొలతల టేపు పట్టుకుని వచ్చారు. శొంఠి బస్తా జరిపించి, నా స్టూలు చుట్టూ సుద్దతో గీత గీశారు. ఇప్పుడు నేను లిఫ్ట్‌లో కూర్చుని అమ్ముతున్నాను.

మీరన్నది నిజమే. రచన రాంనగర్ వెళ్ళి మొగిలయ్యను కలిసింది. ఆయన ఆ నాటకాల హాల్లో ముప్పై ఏళ్ళు తెర లాగినవాడు. మీకు పంపే ముందు తన ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటోను చూపిస్తే చూసీ చూడగానే గుర్తుపట్టాడట. కిరీటం మనిషి టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. దుర్యోధనుడి వేషం వేసేవాడు. పద్యం మధ్యలో గొంతు పోతుందని, నాటకానికి ముందు వేషంతోనే మా దుకాణానికి వచ్చేవాడు. మా అత్త ఆయనకు చెప్పులు విప్పి దండం పెట్టేది. ఆయన వద్దనలేదు. ఎవరంటారు?

మా అత్త అబద్ధం ఆడే మనిషి కాదు. చదువు రాదు. నగరానికి కొత్త. నెత్తిన కిరీటం ఉంటే రాజు అనుకుంది. మల్లెలదుర్గం పేరు ఆమెకు ఎట్లా తెలిసిందో మాత్రం నాకు అర్థం కావడం లేదు. అడుగుదామంటే ఆమె లేదు.

బోర్డు నేనే దింపుతాను. ఎవరూ రానవసరం లేదు. కాయితం అక్కర్లేదు. ఫోటో ఒక్కటి తిరిగి పంపండి.

కిష్టమ్మ

తా.క. 1: కిష్టమ్మ గారు ఇంకో పొట్లం పెట్టారు. కోపం వేరు, దగ్గు వేరు అన్నారు.

తా.క. 2: నాకు కొత్తవాళ్ళతో మాట్లాడటం రాదు. మొగిలయ్య గారే మాట్లాడారు. వచ్చేటప్పుడు ఆయన అన్న మాట ఒకటి, దేనికి పనికొస్తుందో తెలియక రాస్తున్నాను. "గా ఈటె పట్టుకున్నాయన ఉండె సూడు, గొప్పోళ్ళ మనిషే. కారు నారాయణగూడ చౌరస్తాల ఆపి నడిచొస్తుండె. నాటకంల ఒక్క మాట లేదు ఆయనకు. పొట్లాలు మాత్రం రెండు కొంటుండె. గొంతెందుకమ్మా ఆయనకు, ఈటె పట్టనీకి?" – రచన

---

బషీర్‌బాగ్,
సెప్టెంబరు 18

కిష్టమ్మ గారికి,

నిబంధనలు పక్కన పెట్టి, నమస్కారం.

బోర్డు దింపి ఉంటే దయచేసి మళ్ళీ ఎక్కించండి.

రచన గారి రెండో తాజా కలం చదివి, మీ ఫోటో మళ్ళీ భూతద్దం కింద పెట్టాను. ఈసారి కిరీటాన్ని చూడలేదు. భటుడి గడియారాన్ని చూశాను. తర్వాత తల తిప్పి మా ఆఫీసులోని గాజు బీరువా చూశాను. పలక డయలు, తోలు పట్టీ. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి సోమవారం నా చేత్తో తుడుస్తున్న గడియారం. కింద చీటీ కూడా నేనే రాశాను: 'రాజావారి స్వంత వాడకం.'

ఆ బీరువా అడుగు అరలో రాజావారి సొంత నోటుపుస్తకం ఉంది. పెద్దల రాతలు చదవకూడదని ఇన్నాళ్ళూ తెరవలేదు. తెరిచాను. రాజావారికి నాటకమంటే ప్రాణం. రాణీగారికి అది తెలియకూడదు. హాలుకు తెరలు ఇస్తానని, తనకో వేషం ఇవ్వమని అడిగారు. హాలువాళ్ళు వారి పద్యం ఒకటి విని, ఈటె ఇచ్చారు. పదకొండేళ్ళు ఈటె పట్టారు. ఎప్పటికైనా ఒక మాట ఇస్తారేమోనని, ప్రతి శనివారం మీ అత్తగారి పొట్లంతో గొంతు సిద్ధం చేసుకునేవారు.

ఒక పేజీలో ఇలా ఉంది: 'హాల్లో ఎవరో నోరు జారినట్టున్నారు. మల్లెలదుర్గం రాజు తన దుకాణానికి వస్తున్నాడని శొంఠి నర్సింహమ్మకు తెలిసిపోయింది. బోర్డు కూడా కట్టింది. అయినా దండం మాత్రం కిరీటానికే పెడుతుంది. నన్ను పక్కకు జరగమంటుంది.'

మీ అత్తగారు ఫోటోలో మనిషిని పొరబడ్డారు. నేనూ పొరబడ్డాను. ఆమెకు చదువు రాదు. నా దగ్గర భూతద్దం కూడా ఉంది.

రాజావారి మనుమరాలు, మా ట్రస్టు అధ్యక్షురాలు సుహాసిని గారికి అంతా చెప్పాను. తాతగారు ఈటె పట్టిన సంగతి నలుగురికీ తెలియడానికి వీల్లేదన్నారు. అబద్ధం రాయడానికి నేను ఒప్పుకోలేదు. మూడు రోజులు వాదించుకుని ఈ మాటల దగ్గర ఆగాం. ట్రస్టు ముద్రతో కాగితం జతచేశాను:

'మల్లెలదుర్గం రాజావారు ప్రజల సమక్షంలో పలికిన ఏకైక వాక్యానికి గొంతు సరఫరా చేసిన దుకాణం ఇది. సరఫరాదారుల పుస్తకంలో పన్నెండవది.'

ఫోటో కూడా వెనక అట్ట పెట్టి, వంగకుండా పంపుతున్నాను. నిబంధన తొమ్మిది ప్రకారం కాగితం నకలు మీ ఓనరు గారికి వెళ్ళింది.

ఇట్లు, గొంతు బాగుపడిన,
రామచంద్రరావు

తా.క. 1: ఇక మీదట పొట్లాలు లంచం కిందికి రావు. సరఫరా కిందికి వస్తాయి. నెలకు నాలుగు.

తా.క. 2: ఫణికిరణ్ గారు ఫోను చేశారు. లిఫ్ట్ వెనక్కి జరిపారట. రాజావారి ఆ ఏకైక వాక్యాన్ని రాతిమీద చెక్కించి హోటల్ ముందు పెడతారట, అదేమిటో చెప్పమన్నారు. సంస్థానం రహస్యమన్నాను. మీకూ, రచన గారికీ మాత్రం చెబుతున్నాను. పదకొండో ఏట ఒక శనివారం, నిండు సభలో, టెలిఫోన్ ఆఫీసు గుమాస్తా ముందు తల వంచి రాజావారు పలికినది: "చిత్తం, ప్రభూ."