ఏడు తరాల వైసు

2వ తేదీ, ఆదివారం

మాట ఇచ్చేశాను! ఇక వెనక్కి తగ్గేది లేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తయ్యగారు మొదటిసారి మా ఇంటికి రావాలి. పొద్దున ఫోన్లో నసిగారు. "మీ బాత్రూమ్‌కి రెండు మెట్లెక్కాలి కదా బాబూ. పట్టుకోడానికి ఏమీ లేదక్కడ. పడ్డానంటే మళ్లీ మంచమే. నేను రానులే" అన్నారు. పక్కనే ఉన్న మా ఆవిడ మొహం చిన్నబోయింది. తల్లి వస్తుందని ఏడాదిగా ఎదురుచూస్తోంది. నేనూరుకుంటానా? ఫోన్ లాక్కుని, "నేనుండగా మీకేం భయమండీ! మెట్ల పక్కన స్టీలు పైపు నా చేతులతో నేనే బిగిస్తాను. పదహారో తేదీకి వచ్చెయ్యండి" అన్నాను. వస్తానన్నారు!

"పనివాణ్ణి పిలిస్తే గంటలో బిగించి పోతాడండీ" అంది మా ఆవిడ. నవ్వి ఊరుకున్నాను. వెనక గదిలో ఆ బాత్రూమ్ మెట్లని ఆనుకుని ఉన్న పాత బల్ల ఇకనుంచి నా వర్క్‌షాప్.

పైపు కొయ్యాలి. కోసేటప్పుడు అది కదలకుండా పట్టుకోడానికి బల్లకి బిగించే వైసు కావాలి. రెండు ఇనప దవడలు, ఒక మర, తిప్పడానికి పిడి. అంతే. కానీ చవకబారుది కొనను. ఒక్కసారే కొంటాను, ఏడు తరాలు వాడుకోవాలి. ఇది నా శపథం!

నేను కొని మూలపడేసిన గిటార్, చేపల తొట్టి, పరుగు బూట్ల సంగతి ఎత్తింది మా ఆవిడ. వాటికీ దీనికీ పోలికేంటి?

3, సోమవారం

ఆఫీసులో భోజనం మానేసి వీడియోలు చూశాను. ఎంత జ్ఞానం! పోత ఇనుము పెళుసట, సుత్తితో గట్టిగా కొడితే పగులుతుందట. ఉక్కుదైతే ఢోకా లేదు. దవడ నాలుగంగుళాలా, ఆరా? కింద పీఠం గుండ్రంగా తిరగాలా, వద్దా?

రాత్రి అన్నాల దగ్గర ఇదంతా మా ఆవిడకి విడమరచి చెప్పాను. అంతా విని, "ఇంతకీ మనం కొయ్యాల్సిన పైపు ఎంత లావు?" అంది.

చూడలేదు. అది ముఖ్యం కాదు.

5, బుధవారం. సాయంత్రం

మొదటి కొట్టు. నాలుగు వైసులు దింపించాను. దవడలు బార్లా తెరిచి పైకీ కిందికీ ఊపాను. మధ్యలో కాగితం ముక్క పెట్టి, బిగించి, లాగి చూశాను. ఒకదాంట్లో కాగితం ఓ పక్క జారింది. వద్దన్నాను. రెండోదాని మర గరగరమంది. మూడోదాని రంగు మరీ బాగుంది, అక్కడే అనుమానమొచ్చింది. నాలుగోదాని కడుపులోకి టార్చి వేసి చూస్తుంటే కొట్టాయన టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"సార్, మీరు వైసు కొంటున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా?"

వట్టి చేతులతో వచ్చాను. అయినా తృప్తిగా ఉంది.

8, శనివారం

ఇంకో రెండు కొట్లు అయ్యాయి. ఇంటికొచ్చేసరికి పైపు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మా ఆవిడ తెచ్చేసింది! గోడకి బిగించే కొక్కేలు, మరమేకులతో సహా. మనిషిని ఇలా తొందరపెడితే ఎలా?

పక్కింటి బాబాయిగారు ప్రహరీ మీంచి తొంగి చూశారు. "అబ్బాయ్, నా దగ్గర పాత వైసుంది. పైపు పట్రా, పది నిమిషాల్లో కోసి పడేద్దాం."

ఆ వైసు నేనెరగనిదా! దవడలు అరిగిపోయి, పిడి వంకరపోయి ఉంటుంది. "ఏడు తరాల పని మొదలుపెడుతూ అరువు వైసేంటి బాబాయ్!" అన్నాను.

"ఏడు తరాల మాట దేవుడెరుగు. మీ అత్తగారొచ్చేది రేపు కాక పై ఆదివారం కదా?" అన్నారు.

ఆయనకి ఈ వార్త ఎవరు మోశారో నాకు తెలుసు.

9, ఆదివారం

వర్షం. వర్షంలో ఇనుము కొంటే తుప్పు పడుతుంది. "కొట్టుకి పైకప్పు ఉంటుంది కదండీ" అంది మా ఆవిడ. ప్రతిదానికీ వాదించే ఓపిక నాకు లేదు. పడుకున్నాను. ఇంకా వారం ఉంది.

11, మంగళవారం. రాత్రి

కొన్నాను!!! అచ్చమైన ఉక్కు. ఆరంగుళాల దవడ. కాగితం చిరిగింది గానీ జారలేదు! మర వెన్నలా తిరుగుతోంది. మొదటి కొట్టులోనే దొరికింది. కొట్టాయన దాచి ఉంచాడట. మొన్న బుధవారం చూసిన నాలుగింటిలో మూడోదే ఇది అని మా ఆవిడకి చెప్పలేదు.

బరువు ముప్పై కిలోలు. కొట్టాయన మనిషిని పంపుతానంటే అక్కర్లేదన్నాను. వీధి మలుపులో ఆటో దిగి నేనే మోశాను. హాల్లో గుమ్మం దగ్గర దింపాను. లోపలికి రేపు.

12, బుధవారం

నడుం పట్టేసింది. మంచం మీంచి రాస్తున్నాను. ఆఫీసుకి సెలవు.

వైసు గుమ్మంలోనే ఉంది. పాలు పోసే మనిషి దాన్ని తన్నుకుని రెండు మాటలన్నాడు. దానికి గీత కూడా పడలేదు! ఉక్కు అంటే అదీ.

13, గురువారం

బాబాయిగారూ మా ఆవిడా చెరో పక్కా పట్టి వైసుని బల్ల మీదికి చేర్చారు. నేను దారి చూపించాను. బల్ల మూలుగుతూ ముందుకి ఒరిగింది. పరవాలేదు. బల్ల కాళ్లని నేలకీ, వీపుని గోడకీ బోల్టులతో బిగించేశాను. వైసుని ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదట, కింద బల్ల కాలు ఉండాలట. అందుకని మెట్ల వైపు మూలన, సరిగ్గా వెనక కాలి నెత్తిన బోల్టులతో బిగించాను. నట్లకి గట్టి జిగురు కూడా పూశాను. సీసా మీద "జన్మలో ఊడదు" అని రాసుంది. నాక్కావలసింది అదే!

రేపు పైపు కోస్తాను. పది నిమిషాల పని.

14, శుక్రవారం. ఉదయం 7:00

పిడి తిప్పాను. పావు వంతు తిరిగి టంగున గోడకి కొట్టుకుంది. పిడిని అవతలికి జరిపి తిప్పాను. ఆ చివర కొట్టుకుంది. సున్నం రాలింది. నా వేళ్ల తోలు లేచింది. దవడలు బియ్యపు గింజంత తెరుచుకున్నాయి.

మర చూశాను. దవడ చూశాను. ఉక్కు చూశాను. గోడ చూడలేదు.

సరే. విప్పి, బల్ల మధ్యకి మారుద్దాం.

7:40. పానా జారి మోచెయ్యి బల్లకి తగిలింది. నట్టు కదల్లేదు.

8:15. పానా వంగింది. నట్టు కదల్లేదు. జన్మలో ఊడదు అని రాశాడు కదా, నిజాయితీపరుడు.

15, శనివారం

బాబాయిగారి ఇంటికి తాళం. కూతురి ఊరెళ్లారట, సోమవారం దాకా రారు. పనివాడికి ఫోన్ చేశాను. బుధవారం అన్నాడు. పైపుని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కొయ్యబోయాను. రంపం బ్లేడు విరిగింది, పైపు మీద ఓ గీత పడింది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి మెట్ల మీద కూర్చుంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మని ఇప్పుడు రావద్దని చెప్పెయ్యనా?" అంది నెమ్మదిగా.

"రానీ. నేను పట్టుకుని ఎక్కిస్తాను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అరపూట పనిని తీసుకొచ్చి నేనెక్కడ పెట్టాను!

16, ఆదివారం

వచ్చారు. చేతికర్ర, చిన్న సంచీ. క్షమించమని అడగడానికి పొద్దుటి నుంచీ మాటలు కూర్చుకుంటున్నాను. నోరు విప్పేలోపే ఆవిడ బాత్రూమ్ వైపు బయల్దేరారు. నేను పరుగెత్తి మోచెయ్యి పట్టుకోబోయాను.

విదిలించేశారు. "ఆసుపత్రి నుంచీ ప్రతివాళ్లూ నన్ను పట్టుకునేవాళ్లే. విసుగొచ్చింది బాబూ. నేను పట్టుకునేది ఏదైనా చూపించండి."

చూపించడానికి ఏముంది? ఆవిడే కర్ర చంకలో పెట్టుకుని వైసు మీద చెయ్యి వేశారు. పైకీ కిందికీ ఊపి చూశారు. అచ్చం నేను కొట్లో ఊపినట్టే! కదల్లేదు. బరువంతా దానిమీద వేసి మొదటి మెట్టెక్కారు. రెండోది కూడా ఎక్కేశారు. తిరిగొచ్చేటప్పుడు కూడా అలాగే దిగారు.

"పైపంటే ఊగుతుందేమోనని లోపల భయపడ్డాను. ఇది కొండలా ఉంది. ఏమిటిది?" అన్నారు.

మా ఆవిడ వైపు చూశాను. కాపాడుతుందేమోనని. చెప్పేసింది. కాగితం ముక్కలు, టార్చి, గోడ, జిగురు, ఒక్కటీ వదల్లేదు. అత్తయ్యగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "మా అమ్మాయికి మిమ్మల్ని చూసినప్పుడు మేమిన్ని పరీక్షలు చెయ్యలేదు బాబూ" అన్నారు.

వారానికని వచ్చినావిడ నెల ఉంటానంటున్నారు. మా ఆవిడ పాత దుప్పటి చింపి వైసు దవడలకి మెత్తగా చుట్టింది. చుడుతూ నన్ను చూసి నవ్వింది. ఇన్నాళ్లకి నాకు మనసు కుదుటపడింది.

17, సోమవారం. ఉదయం

వీధి గుమ్మం దగ్గర కూడా మూడు మెట్లున్నాయని అత్తయ్యగారు కాఫీ తాగుతూ అన్నారు. పైపు ఖాళీగానే ఉంది కదా!

కొయ్యాలి. కొయ్యడానికి వైసు కావాలి. ఉన్న వైసు అత్తయ్యగారిది, ముట్టుకోను.

"బాబాయిగారు పొద్దున్నే వచ్చేశారు. పైపు పట్టుకెళ్లండి, పది నిమిషాలు" అంది మా ఆవిడ.

పది నిమిషాల్లో తేల్చే పనా ఇది? కొత్త శపథం: ఒక్కసారే కొంటాను. ఏడు తరాలు. ఈసారి ముందు గోడ కొలుస్తాను!

సాయంత్రం 6:00. టార్చి, కాగితం ముక్కలు, టేపు పట్టుకుని కొట్టుకెళ్లాను. కొట్టాయన నన్ను చూసి టీ గ్లాసు కింద పెట్టాడు.

"రెండో అల్లుడా సార్?"