నత్తలవారు వినలేదట

ఫిబ్రవరి 11
పొద్దున్నే నరసాపురం నుంచి ఫోన్. సూర్రావు మావయ్యగారు పోయారు. ఈయనకి సొంత బాబాయి. పిల్లల్లేరు. ఫోన్లో ఆయన భార్య, మా అత్తయ్యగారు, ఏడవడం లేదు — "నత్తలవారందరికీ నువ్వే చెప్పమ్మా" అన్నారు.

ముందు భీమవరం బావగారికి చేశాను. ఈయన అన్నయ్య. విన్నాక — "పద్దెనిమిదిన మావాడి పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు పదిరోజుల మైలేంటమ్మా? నువ్వు చెప్పలేదు, మేం వినలేదు. వినకపోతే మైల లేదు."

ఛీ.

ఫిబ్రవరి 12
ఈయన వెళ్ళలేదు. కొరివి అత్తయ్యగారి తమ్ముడు పెట్టాడట. ఈయన ఇడ్లీ తిన్నారు. రెండోసారి చట్నీ వేయించుకున్నారు కూడా.

ఫిబ్రవరి 15
బావగారు వాట్సాప్‌లో ఫ్లెక్సీ ఫోటో పంపారు. 'నాటల వారి వివాహ మహోత్సవం'. రొయ్యల చెరువులు కలిసొచ్చాక నత్తలవారు నాటలవారయ్యారు. ఫోన్లో కూడా అలాగే పలుకుతారు, నోరు సాగదీసి.

కొత్తకోడలిగా అసలు ఇంటిపేరు చెప్పాలంటే నేనూ సిగ్గుపడ్డాను. సూర్రావు మావయ్యగారే అన్నారు — "గట్టిగా అను, నత్తల అని. ఎక్కడా ఎత్తుకొచ్చింది కాదు కదమ్మా."

ఫిబ్రవరి 18
పెళ్ళి అయింది. పెళ్ళికూతురి తండ్రి అడిగారు — "తాంబూలాల రోజు పెద్దరికంగా కూర్చున్నారే, మీ బాబాయిగారు... రాలేదేంటండీ?"

బావగారు తడుముకోలేదు. "మోకాళ్ళ నొప్పులండీ. దీవెనలు పంపారు."

ఈయన పక్కనే ఉన్నారు. తలూపారు.

 నేనూ అక్షింతలు వేశాను. పూతరేకులు తిన్నాను. నా మీద నాకే రోత.

ఫిబ్రవరి 19
అత్తయ్యగారు ఫోన్ చేశారు. ముందు — "పెళ్ళి బాగా జరిగిందామ్మా?"

ఆ తర్వాత — "అందరికీ చెప్పడం మర్చిపోయుంటావులే, పెళ్ళి హడావుడి కదా. రేపు పదోరోజు. నీళ్ళు వదలాలి. ఇంటిపేరువాళ్ళే వదలాలట. మీ ఆయనొక్కడైనా..."

"అవునండీ, మర్చిపోయాను" అన్నాను. ఇంకేం అనను?

ఈయనకి చెప్పాను. "అన్నయ్యని అడిగి చెప్తా" అన్నారు.

నరసాపురం బస్సు తెల్లారి ఐదింటికి. ఆడవాళ్ళు వదిలితే చెల్లదట. అయినా నా చీర సంచిలో పెట్టాను. పంచె మడతపెట్టి మంచం మీద ఉంచాను, ఆయన చేతికి అందేలా.

ఇంకా అక్కడే ఉంది.