మా అత్తగారు ఇంట్లో ఉన్న రోజున లెక్క తీయండి

పాపటోయిటోయి,
11 మే 2016.

కౌన్సిల్ రోడ్ల ఇంజినీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి చివరి రౌండెబౌట్ (గుండ్రటి కూడలి) వద్ద తీసిన పాదచారుల లెక్కను రద్దుపరచి, మరల తీయించుట గురించి.

1. సదరు రౌండెబౌట్‌లో నడిచేవారికి జీబ్రా గీతలు గానీ, సైకిళ్లకు వేరే బాట గానీ లేవు. గత నవంబరులో నేను సైకిల్‌పై వేర్‌హౌస్ డ్యూటీకి పోవుచుండగా ఒక కారు తగిలి, భుజము ఎముక విరిగినది. డ్రైవరు మంచివాడే. "సారీ మేట్, కనపడలేదు" అన్నాడు. నేను ఆరెంజ్ జాకెట్‌లో ఉంటిని.

2. నా ఫిర్యాదుపై తమరు లెక్క తీయించి, "వాహనములు పాదచారులకు ఆగుచున్నవి, మార్పులు అనవసరము" అని జవాబిచ్చినారు. ఆగినమాట వాస్తవమే. అవి ఆగినది మా అత్తగారు కామేశ్వరమ్మగారికి.

3. నా దెబ్బ సంగతి విని విజిటర్ వీసాపై వచ్చిన ఆమె, రోజూ బడి వేళకు ఆ మూలన నిలబడి, చెయ్యెత్తి, లారీలను సైతం ఆపి, పిల్లలను, సైకిళ్లను దాటించుచున్నారు. లెక్కకు వచ్చిన తమ మనిషిని కూడా ఆమే దాటించినారు. ఎండలో నిలబడ్డాడని మజ్జిగ ఇచ్చినారు. ఈ సంగతి అతని రిపోర్టులో లేదు.

4. వచ్చే నెల ఆమె తిరుగు ప్రయాణం. కార్లు ఆగుతాయని పిల్లలకు నమ్మకం కుదిరిపోయినది. ఆ నమ్మకం ఆమెతోపాటు విమానం ఎక్కదు.

కావున ఆమె ఇంట్లో ఉన్న రోజున లెక్క తీయించి, రోడ్లను ఒక్కొక్క వరుసకు కుదించి, ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగులు, సైకిళ్లకు వేరే బాట మంజూరు చేయగోరుచున్నాను. ఇంగ్లీషు ప్రతిని రాసినది నా భార్య స్పందన. తల్లి సంగతి కాబట్టి రెండు ముక్కలు తగ్గించినది.

ఆమె విమానం ఎక్కేలోగా చిత్తగించవలెనని ప్రార్థన.

తమకును, మా అత్తగారికిని విధేయుడు,
జశ్వంత్

తా.క.: అర్జీ చదివి వినిపించి, "ఆ ఒక్కపూట ఇంట్లో ఉండండి అత్తయ్యా" అన్నాను.

ఆమె పప్పుకు తాలింపు వేస్తూ, "అలాగే బాబూ. మరి ఆ పూట పిల్లల్ని ఎవరు దాటిస్తారు?" అన్నారు.

"ఎవరూ దాటించకూడదు. అప్పుడే లెక్క సరిగ్గా వస్తుంది" అన్నాను.

ఆమె గరిట ఆపి నా వైపు చూశారు.

సార్, లెక్క వద్దు. గీతలు వేయించండి.