పద్నాలుగు నిమిషాల నీళ్లు

ఏప్రిల్ 22

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. అన్నీ పాసు. ఫిజిక్స్ ఎదురుగా మాత్రం గైర్హాజరు. ఆ ఉదయం పరీక్షకు తయారవుతుంటేనే అమ్మ పోయింది. పెరట్లో, కరెంటు కొట్టి. నెల దాటింది.

మార్కాపురం పోయి సప్లిమెంటరీకి పేరు రాయించి వచ్చా. కాలేజీ గుమాస్తా అడిగాడు — "ఆ రోజు ఎందుకు రాలేదమ్మా?" జ్వరం అన్నా. అమ్మ లేదని కొత్తవాళ్లకు చెప్పడం ఇంకా చేత కావడం లేదు.

ఏప్రిల్ 23

పుస్తకం తెరిచా. మూశా.

ఏప్రిల్ 25

నాయన మళ్లీ పలకల ఫ్యాక్టరీకి పోతున్నాడు. సద్ది తానే కట్టుకున్నాడు. అన్నం ఎక్కువ, కూర తక్కువ... కొలత ఇంకా తెలియదు పాపం. గడప దాటుతూ అన్నాడు — "నువ్వు సదువుకో పాపా. మీ యమ్మ కోరిక అదొక్కటే."

అదొక్కటే. నాకు తెలియదా.

మూలలు విరిగిన పలకలు నాయన ఇంటికి తెచ్చేవాడు. నా లెక్కలన్నీ వాటి మీదే. అమ్మకు అక్షరాలు రావు. అయినా నా లెక్క పూర్తయిందో లేదో చూడగానే చెప్పేది. జవాబు కింద రెండు గీతలుంటే అయినట్టు. పొద్దున లేచి తడిగుడ్డతో తుడిచి పెట్టేది. గీతలు లేని పలక జోలికి పోయేది కాదు. "ఇది ఇంకా కాలేదు, ఉండనియ్" అని గోడకు ఆనించేది.

చివరి పలక ట్రంకుపెట్టె వెనక ఉంది. దాని మీద రెండు గీతలున్నాయి. తుడిచేవాళ్లు లేరు.

ఏప్రిల్ 27, ఆదివారం

చర్చికి పోయాం. ఆడవాళ్ల వైపు అమ్మ కూర్చునే చోటు ఖాళీగానే వదిలారు. ఎవరైనా కూర్చుంటే బాగుండేది.

ప్రార్థనయ్యాక పాస్టర్ గారు నా తల మీద చెయ్యి పెట్టి — "ప్రభువు పిలిచినాడు తల్లీ. ఆయన సమయం వచ్చింది, పిలిచినాడు." నాయన తల ఊపుతున్నాడు. నేనూ ఊపాను.

ప్రభువు పిలిచింది నేను వినలేదు. నేను పంపింది మాత్రం నాకు తెలుసు.

ఏప్రిల్ 28

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడన్నా రాసుకోవాలి.

పోయినేడు గాలివానకు స్తంభం నుంచి ఇంటికొచ్చే రెండు తీగల్లో ఒకటి తెగింది. న్యూట్రల్ తీగ, కరెంటు తిరిగి పోయేది. లైన్‌మన్‌కు చెబుదాం, చెబుదాం అంటూనే నాయన మా వీధిలో అందరూ చేసే పనే చేశాడు. పెరట్లో ఇనుప కడ్డీ దిగగొట్టి, ఇంట్లోంచి తీగ తెచ్చి దానికి చుట్టాడు. ఎర్త్. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. తీగ సంగతి అందరం మరిచిపోయాం.

ఎండలు ముదిరి నేల ఎండితే లైటు మందగిస్తుంది. అప్పుడు కడ్డీ చుట్టూ బిందెడు నీళ్లు పోయాలి. నీళ్లు లోపలికి దిగాలంటే కడ్డీ పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. అది అమ్మ పని. "రవ్వంత జివ్వుమంటది, అంతే" అని నవ్వేది.

హీటరు అమ్మే తెచ్చింది. పరీక్షకు ముందు రోజు. నేను తలంటుకోవాలి, పొయ్యి దగ్గర పొగలో కూర్చుంటే కళ్లు మండుతాయి, చదివింది పోతుంది అట. ఆ సాయంత్రం పలక మీద లెక్క చేసి చూపించా. వెయ్యి వాట్ల హీటరు. పది లీటర్ల నీళ్లు. ఇరవై డిగ్రీలు వేడెక్కాలి. పది ఇంటూ నాలుగు వేల రెండు వందలు ఇంటూ ఇరవై — ఎనిమిది లక్షల నలభై వేల జౌళ్లు. వెయ్యితో భాగిస్తే 840 సెకన్లు. పద్నాలుగు నిమిషాలు. రెండు గీతలు గీశా.

అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసింది. "నీళ్లు ఎప్పుడు కాగేదీ పలకే చెప్తదా? సరే, పొద్దున చూద్దాం నీ సదువు."

ఇక రాయలేను ఇవాళ.

ఏప్రిల్ 29

మిగిలింది.

ఆ పొద్దున అమ్మ బకెట్లో హీటరు పెట్టింది. గడియారం చూసి మరీ పెట్టింది. నేను లోపల ఫార్ములాలు తిరగేస్తున్నా. పద్నాలుగు నిమిషాలు కాగానే నీళ్లు చెంబుతో తెచ్చి నా చెయ్యి ముంచింది. చలి విరిగింది, అంతే. "ఏందే, నీ లెక్క తప్పింది. కట్టెల పొయ్యే నయం."

ఎగతాళికే అంది. నాకు మాత్రం రోషం వచ్చింది. పరీక్ష రోజు లెక్క తప్పిందంటుందా! తల కూడా ఎత్తలేదు. "లెక్క తప్పు కాదు. ఎర్త్ ఎండిపోయుంటది. నీళ్లు పొయ్యి పోమ్మా."

పోయింది. బిందె పడ్డ చప్పుడు వినిపించింది. బిందె జారిందనుకుని పేజీ తిప్పాను.

పేజీ తిప్పాను.

మే 1

అమ్మ పోయిన మర్నాడే లైన్‌మన్ వచ్చి తీగ అతికించి పోయాడట. స్తంభం ఎక్కి దిగినంత సేపు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఫిజిక్స్ మేడమ్ ఫోన్ చేశారు. "విద్యుత్ పాఠంలో లెక్క తప్పకుండా వస్తుంది. శ్రేణి, సమాంతరం, హీటర్ లెక్కలు. నీకివి కొట్టిన పిండి కదా?" ఊఁ అన్నా. "అన్నం తింటున్నావా?" అన్నారు మేడమ్. దానికీ ఊఁ అన్నా.

మే 3

పక్కింటి రత్తమ్మవ్వ పెరట్లో కూడా కడ్డీ ఉంది. సాయంత్రం చెంబుతో నీళ్లు తెచ్చి, వంగి, చెయ్యి చాస్తోంది. గోడ ఇవతల నుంచి అరిచాను. అవ్వ బెదిరి చెంబు వదిలేసింది.

"ఏందే ఆ అరుపు? గుండె ఆగిపోయింది నాకు."

"ముట్టుకోకవ్వా. లోపల అన్నీ ఆపి నీళ్లు పొయ్యి."

"ముప్పై ఏండ్ల నుంచి పోస్తాండా. మీ యమ్మకు కాలం మూడింది గానీ కడ్డీ ఏం చేస్తది?" అని, నా ముఖం చూసి, గొంతు తగ్గించింది. "నేనూ పోతే పోతాలే తల్లీ. ఇప్పుడు ఎవురికి నష్టం?"

నష్టం ఉందవ్వా. ప్రతి చావుకూ ఒకరు మిగులుతారు. ఆమెతో అనలేకపోయాను. నేనే పోయి అవ్వ ఇంట్లో మెయిన్ ఆపి, నీళ్లు పోసి వచ్చా.

కానీ అవ్వ మాట వదలడం లేదు. అమ్మ కూడా ఏడాదంతా పోసింది. అదే కడ్డీ. అదే చెయ్యి. ఆ రోజే ఎందుకు?

మే 5

తెలిసింది.

పద్నాలుగు నిమిషాల్లో నీళ్లు ఇరవై డిగ్రీలు ఎక్కాలి. నా చేతికి తెలిసింది మహా అయితే అయిదు. అంటే హీటరుకు అందింది పావు వంతు పవర్. పావు పవర్ అంటే సగం వోల్టేజీ, సగం కరెంటు. మిగతా సగం ఎక్కడికి పోయింది? హీటరూ నేలా శ్రేణిలో, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. సగం నేల దగ్గరే ఆగింది. హీటరు నిరోధం యాభై మూడు ఓమ్‌లు, కాబట్టి నేలదీ దాదాపు అంతే. 230లో సగం, 115 వోల్టులు. హీటరు నడుస్తున్నంత సేపూ. కడ్డీ మీద.

రోజూ అయితే? ఒక లైటు, ఒక ఫ్యాను. రెండూ కలిపి ఎనభై వాట్లు. వాటి నిరోధం ఆరు వందల అరవై ఓమ్‌లు. వోల్టేజీ అంతా అక్కడే ఖర్చయిపోతుంది. కడ్డీ మీద పదహారో పదిహేడో. రవ్వంత జివ్వుమంటుంది, అంతే.

పుస్తకంలో మూడు మార్కుల లెక్క ఇది. నాకు వచ్చు. ముందు రోజు కూడా వచ్చు. బకెట్ వరకు చేసి గీతలు గీసేశాను. పెరట్లో కడ్డీని లెక్కలో కలపలేదు. ఎర్త్ ఎండిందని మాత్రం నోటికొచ్చింది. అది ఎండితే కడ్డీ మీద ఏముంటుందో మనసుకు రాలేదు. హీటరు ఆపి పొయ్యమ్మా — ఆ ఒక్క ముక్క అంటే అమ్మ ఇప్పుడు పొయ్యి దగ్గర ఉండేది.

అమ్మా, నీ మాటే నిజం. లెక్క తప్పింది.

మే 6

ఏడుపు. ఇంకేం లేదు.

మే 9

సాయంత్రం సంఘ పెద్దలు ప్రార్థనకు వచ్చారు. ఉన్నట్టుండి నాయన లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి.

"కడ్డీ కొట్టింది నేను. రెండడుగులు దిగినాక బండ తగిలింది. ఈడంతా పలక బండే గదా. ఇంకో చోట కొట్టుంటే దిగేది. పొద్దుపోయిందని ఆడికే ఇడిచినా. నా భార్యను నేనే..." అక్కడ ఆగిపోయాడు. పాస్టర్ గారు లేచి పట్టుకున్నారు.

నేను చాప అంచు పీకుతూ కూర్చున్నా. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల కొట్టుకుంటోంది. అమ్మ తనంతట తానే పోసిందని నాయన అనుకుంటున్నాడు. ఆ బరువంతా ఆయన ఒక్కడే మోస్తుంటే చూస్తూ కూర్చున్నా. ఇంత పిరికిదాన్నని నాకు తెలియదు.

మే 10

చెప్తే నన్ను ఎట్లా చూస్తాడు? చెప్పకపోతే ఆయన ముఖం నేను ఎట్లా చూడాలి?

మే 13

రేపు పరీక్ష. నాయన కట్టెల పొయ్యి మీద నీళ్లు పెడతానన్నాడు. వద్దన్నా. చన్నీళ్లు చాలు.

హీటరు ఇంకా పెరట్లోనే, దండెం కొయ్యకు వేలాడుతోంది. ఆ రోజు ఎవరో తగిలించాక ఎవరం ముట్టుకోలేదు.

మే 14

రాశా. మూడు నిరోధాలు, ఒక బ్యాటరీ. మధ్యలో ఉన్నదాని మీద ఎంత వోల్టేజీ — అదీ లెక్క. హాల్లో అందరికంటే ముందు చేశాననుకుంటా. జవాబు కింద రెండు గీతలు గీయబోయి చెయ్యి ఆగింది. ఒక్క గీతతో వదిలేశా.

మా ఊరి దగ్గర తర్లుపాడు ఆటో దిగేసరికి నాయన స్టాప్ దగ్గరే ఉన్నాడు. పనికి పోలేదు. "లెక్కలొచ్చినయా?"

"వచ్చినయ్ నాయనా."

"మీ యమ్మ ఉంటే..." అన్నాడు. ఇద్దరం ఇంటికి నడిచాం.

ఇంట్లోకి రాగానే ట్రంకుపెట్టె వెనక నుంచి పలక తీశా. ఇంకో నిమిషం ఆగితే మళ్లీ ధైర్యం పోతుంది. ఒక వైపు 840, రెండు గీతలు, అట్లాగే ఉన్నాయి. వెనక్కి తిప్పి నాయన ముందు కూర్చున్నా. హీటరు గీశా. కడ్డీ గీశా. నీళ్లు కాగలేదని అమ్మ అన్న మాట చెప్పా. నేనన్న మాట చెప్పా. "నేనే పొయ్యమన్నా నాయనా. అమ్మ తనంతట పోలేదు. నేనే పంపినా."

ఆయన తిట్టలేదు. ఓదార్చలేదు కూడా. "ఇదేంది?" అని కడ్డీ పక్కన రాసిన అంకె చూపించాడు.

"నూటపదిహేను. దాని మీద ఉన్న కరెంటు."

"మొదట్నించి చెప్పు."

మొదటి నుంచి చెప్పా. అమ్మలాగే బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నాడు. హీటరు యాభై మూడు, ఎండిన నేల యాభై మూడు, సగం సగం. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఇంకో మూడడుగులు దించుంటే?"

ఆ లెక్క నేను ఎప్పుడో చేశా. కింద తడి నేలకు తగిలి ఉంటే అయిదు ఓమ్‌లు చాలు. అప్పుడు హీటరు ఉన్నా కడ్డీ మీద ఇరవై వోల్టులే. రవ్వంత జివ్వుమనేది. అమ్మ నవ్వేది. నీళ్లు కూడా కాగేవి.

"తెలీదు నాయనా," అన్నా.

లెక్క అడిగితే ఆ మాట నా నోటి నుంచి ఎప్పుడూ వినలేదు ఆయన. చాలాసేపు నా ముఖమే చూశాడు. తర్వాత పలక చేతిలోకి తీసుకుని అడుగు దాకా చూశాడు.

"కింద గీతలు లేవేంది పాపా?"

పలక తుడవకుండా గోడకు ఆనించి పెరట్లోకి, కడ్డీ దగ్గరికి పోయాడు. అన్నం వడ్డించి కూర్చున్నా. ఇంకా రాలేదు.