బెల్లం వేయని నువ్వులు

అనకాపల్లి,
12-7-1949.

త్రినాధరావు బావగారికి నమస్కారం.

పొద్దున్నుంచి ముసురు. పశువుల సాలకు తాటికమ్మలు కప్పడం ఇప్పుడే పూర్తయింది.

తమ్ముడు పొట్టిబాబు మంచం దిగడం లేదు. గంజి కూడా తోసేస్తున్నాడు. యుద్ధంలో హైఫా రేవులో ఉన్నప్పుడు తిన్న శనగల ముద్ద ఒక్కటే అడుగుతున్నాడు. ఆ ఊరు ఇప్పుడు ఇజ్రాయెల్ అనే కొత్త దేశంలో ఉందట. కాబూలీ శనగలు షావుకారు తెప్పించాడు. ఆలివ్ నూనె మాత్రం ఇక్కడి మందుల షాపులో చెవిలో వేసుకునేంత సీసాలోనే దొరుకుతోంది. విశాఖపట్నం రేవులో మీకు తెలిసినవాళ్ళ ద్వారా పెద్ద సీసా ఒకటి పంపించగలరు.

అందులోకి నువ్వులు ఉత్తవే నూరి కలపాలట. అమ్మ ఒప్పుకోలేదు.

"మంచాన మనిషుండగా ఉత్త నువ్వులు నూరతారేట్రా? అవి పోయినోళ్ళకి. బెల్లమేసి నూరండి" అంది.

తమ్ముడు గోడవైపు తిరిగి, "బెల్లమేత్తే అది సిమ్మిలి గదే అమ్మా. నేనింకా పోలేదు, నూరు" అన్నాడు.

అప్పట్నుంచి అమ్మ వాడితో మాట్లాడటం లేదు. నువ్వులు అక్క చేత నూరించి నూనెతోపాటు పంపమని అడుగుదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక అక్కకు ఆ శ్రమ వద్దు. ఈ పూట గంజి గిన్నె కూడా అలాగే తిరిగొచ్చింది. అమ్మ దాన్ని కడగకుండానే పక్కన పెట్టి, సన్నికల్లు ముందు కూర్చుంది. బెల్లం కుండ ఉట్టి మీదే ఉంది.

"పులుపెంత కావాలో ఆడ్నడుగు" అని నన్ను కేకేసింది.

పెరట్లో నిమ్మకాయలు కోసుకొచ్చి మిగతాది రాస్తాను.