పేరున్న జబ్బు

చిలకలగూడ,
14 నవంబరు 2006.

మేబెల్ గారికి,

డోరా వందనాలు. మీరూ జీవరాజు అన్నయ్యగారూ ప్రభువు కృపలో క్షేమమని తలుస్తాను. ఇక్కడ మా ఆయనా నేనూ బాగానే ఉన్నాం. ఒకప్పుడు అక్కా అని మొదలుపెట్టేదాన్ని. ఏడాదిగా మనకు మాటల్లేవు గనుక గారు అంటున్నాను.

ఒక మాట తిన్నగా చెబుతాను. మిమ్మల్ని చూస్తే నాకు కుళ్లు. మీ కిడ్నీలోని రాయిని చూసినా కుళ్లే. నవ్వకండి. నిరుడు అది పడిపోయాక చిన్న సీసాలో వేసి స్త్రీల సమాజానికి తెచ్చారు. అందరూ చేతులు మార్చుకుంటూ చూసి ముక్కున వేలేసుకున్నారు. అంతకుముందు మూడు వారాలు మీ పేరూ జబ్బు పేరూ చదివి ప్రార్థన చేశారు. మీ ఇంటికి హార్లిక్సు సీసాలు, బత్తాయిలు వచ్చాయి. నేనూ కేకు తెచ్చాను. తీరా ఆ సీసా నా చేతికొచ్చేసరికి, గింజంత రాయికి ఇంత భాగ్యమా అని కడుపు మండిపోయింది.

నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. మూడేళ్లుగా కింద, జననాంగం బయటి భాగంలో, కారం రాసినట్టు మంట. ఈ ఒక్క మాట రాయడానికి పెన్ను మూడుసార్లు పక్కన పెట్టాను. కూర్చుంటే మంట. మా ఆయన దగ్గరికొస్తే ప్రాణం పోయేది. నలుగురు డాక్టర్లు చూశారు. పుండు లేదు, పరీక్షల్లో ఏమీ లేదన్నారు. పిల్లలు పుడితే అదే పోతుందని ఒకావిడ అన్నారు. శుభ్రత చాలదేమోనని నేను ఘాటు మందు కలిపిన నీళ్లతో కడుక్కుని ఇంకా మంట పెంచుకున్నాను. తనంటే నాకు ఇష్టం పోయిందనుకుని సామ్యూల్ గారు వేరే మంచం వేసుకున్నారు.

చర్చిలో నేను ఆర్గన్ వాయించడం మానేసింది అందుకే. నాకు తీరిక లేదని పాస్టరుగారితో చెప్పాను. మీరు నా చోట కూర్చున్నారు. మూడో చరణానికి వచ్చేసరికి రైలు తప్పిపోతుందేమో అన్నట్టు వాయిస్తారు, కానీ ఎంత హాయిగా కూర్చుంటారండీ! వెనక్కి తిరిగి పాటల పిల్లలతో మాట్లాడి, మళ్లీ ముందుకు జరుగుతారు. ప్రతి ఆదివారం తలుపు దగ్గర నిలబడి నేను చూసింది మీ వాయింపు కాదు, మీ కూర్చోవడం.

మన సమాజంలోని పుష్పమ్మ గారు అడిగారు కూడా, "ఏందమ్మా, గిట్ల తలుపు కాడ్నే నిలబడ్తవ్, మాతోని కూసుంటే నామోషీనా?" అని. నవ్వి ఊరుకున్నాను. ఆ శనివారమే స్త్రీల సమాజంలో మీరు ప్రార్థన చేస్తూ, "ప్రభువా, మాతో కూర్చోవడం ఇష్టంలేని సహోదరి గర్వాన్ని విరుగగొట్టు" అన్నారు. ముప్ఫై మంది ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ రోజు నుంచి మీతో మాట మానేశాను.

ఇప్పుడు వినండి. జూలైలో అల్వాల్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. దూదిపుల్లతో ఒక్కొక్కచోటే తాకి, ఎక్కడ నొప్పో చెప్పమంది. ఒకచోట తాకగానే బల్ల మీంచి ఎగిరిపడ్డాను. "ఇది మీ ఊహ కాదమ్మా, దీనికి పేరుంది" అంది. నరాలకు సంబంధించిన నొప్పట. రాత్రిపూట చిన్న మాత్ర, మొద్దుబార్చే జెల్, అక్కడ సబ్బు బంద్, నూలు బట్టలు. బిగుసుకుపోయిన కండరాలు వదులు చేసుకోవడం కాంతమణి అనే ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పుతోంది. డాక్టరమ్మ మా ఆయన్ని కూడా కూర్చోబెట్టి చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన, నొప్పని ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదే అని ఏడ్చారు.

నాకు పూర్తిగా తగ్గిపోయింది. డిసెంబరు మొదటి ఆదివారం నుంచి ఆర్గన్ నేనే వాయిస్తాను. క్రిస్మస్ పాటలు నావి. మర్యాదగా లేచి నా చోటు నాకివ్వండి.

ఇట్లు,
డోరా సామ్యూల్

తా.క.: అక్కా, తగ్గిపోయిందన్నది అబద్ధం. సగమే తగ్గింది. ఇంకా నెలలు పడుతుందట. నిన్న పన్నెండు నిమిషాలు కూర్చోగలిగాను. ఈ ఉత్తరమంతా వంటింటి గట్టు దగ్గర నిలబడి రాశాను. క్రిస్మస్‌కి మీరే వాయించండి. నాకు ఆ చోటు ఇప్పుడే వద్దు. ఈ శనివారం ప్రార్థన విన్నపాల్లో నా పేరు చదవండి. కడుపునొప్పి అని మాత్రం చదవొద్దు. నా జబ్బు పేరు వల్వొడీనియా. నోరు తిరగదు, ఇంట్లో రెండుసార్లు అనుకుని రండి.