దగ్గు వింటే లేచే చెయ్యి

నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, తప్పులుంటే మన్నించండి. చదివింది ఐదో తరగతి. రేపు నాకు కడుపు ఆపరేషను. మత్తు దిగి లేస్తానని డాక్టరమ్మ గట్టిగా చెప్పలేదు. కనుక పద్నాలుగో వార్డు కౌన్సిలు సభ్యురాలినైన నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. సభ్యురాలినయ్యాక అలా నేను రాసిన మొదటి కాగితం ఇదే.

1. సీటు ఆడవాళ్లకు కేటాయించారని మా ఆయన నన్ను నిలబెట్టారు. పోస్టర్లలో నా మొహం చిన్నది, ఆయనది పెద్దది. గెలిచిన రోజు దండలన్నీ ఆయన మెడలోనే పడ్డాయి. ఎండినా అటక మీద దాచుకున్నారు. అవి ఆయనకే.

2. కౌన్సిల్లో నా కుర్చీ ఆడపడుచుకు. ఉప ఎన్నికలో ఆమెను నిలబెడదామని నేను పోకముందే ఇంట్లో అనుకున్నారు. కుర్చీ ఎడమ కాలు ఊగుతుంది, కింద కాగితం మడిచి పెట్టాలి. ఆయన రాసిచ్చిన ప్రసంగాలు అందుకు సరిగ్గా సరిపోతాయి.

3. సందర్శకుల వరుసలో కూర్చుని ఆయన దగ్గితే నేను చెయ్యెత్తాలి. అదీ మా ఏర్పాటు. ఇస్త్రీ బళ్ల సందుకు కుళాయి వెయ్యాలా వద్దా అన్న రోజు ఆయనకు జలుబు. ఆ సందు మాకు ఓటెయ్యలేదని ఆయనకు కడుపుమంట, కానీ దగ్గు ఆగలేదు. నేను చెయ్యెత్తాను. ఒక్క ఓటుతో కుళాయి వచ్చింది. ఇంటికొచ్చి, "అది జలుబు దగ్గే, మొద్దూ" అన్నారు. తేడా నాకు తెలుసు. పొద్దున మందు పోసిచ్చింది నేనే.

4. ఆ కుళాయిని మా ప్రహరీ లోపలికి మార్పించుకోవడానికి నా చేత తొమ్మిది ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించారు. అవి బీరువాలో ఉన్నాయి. అన్నీ రద్దు చేస్తున్నాను. వాటి మీద ఎవరు ఏం రాసినా అది నా మాట కాదు. కుళాయి తీర్మానం నకలు ఆ సందులో ఇస్త్రీ చేసే అక్కకు. "నువ్వున్నన్నాళ్లేలే చెల్లీ ఈ నీళ్లు" అంది మొన్న. కాదక్కా.

5. గొడుగు, కౌన్సిల్లో టీ పోసే తాతకు. మూడేళ్లలో అక్కడ నన్ను ఒక మాట అడిగింది తాత ఒక్కడే, చక్కెర ఎంత వెయ్యమంటావమ్మా అని.

అమ్మకు రాసే ప్రతి ఉత్తరం చివర, చదివి కాల్చెయ్యమని రాసేదాన్ని, ఆయన కంట పడుతుందని. దీన్ని కాల్చకండి. పక్క మంచం టీచరమ్మ దీన్ని అందరిముందూ ఆయనకు చదివి వినిపించాలి. మధ్యలో ఆయన దగ్గితే ఆగొద్దు.

తేదీ: ఈ నెల పదహారు, సోమవారం, ఆసుపత్రిలో
సంతకం: నాదే, రాసిన కాగితం మీద
సాక్షులు: పక్క మంచం టీచరమ్మ, పగటి నర్సు